కావలోడి మాయ

గురువారం పొద్దున పదకొండు గంటలకల్లా కావలోడు చెడిపోయాడు.

ఆరేళ్లుగా మంచివాడు. పగలు మార్కెట్ యార్డులో కాంటా పట్టేవాడు, చీకటి పడితే ఊరి చుట్టూ కావలి తిరిగేవాడు. ఆపదలో ఉన్నవాళ్లు ఎక్కడి నుంచి పిలిచినా ఆ పిలుపు అతని చెవిన పడేది. నాందేడ్‌లో హింగోలి గేటు దగ్గర, ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం పైన ఉన్న ఒంటి గదిలో జ్ఞానేశ్వర్ అనే ఆయన ఈ బొమ్మల కథ గీస్తాడు. మరాఠీలో ఆ వీరుడి పేరు జాగల్యా, తెలుగులో కావలోడు. ప్రతి గురువారం పది గంటలకు కొత్త భాగం ఫోన్లలోకి వస్తుంది. మరాఠీది జ్ఞానేశ్వర్ సొంత పేజీలో, తెలుగుది హైదరాబాద్ కంపెనీ ఒకటి నడిపే యాప్‌లో.

ఈ ఏడాది జ్ఞానేశ్వర్‌కు ఒక బుద్ధి పుట్టింది. అదే ఊరు, అదే మనిషి, కానీ లోకం వేరు. ఆ లోకంలో వరద వచ్చిన రోజు కావలోడికి సొంత చెల్లెలి పిలుపు వినబడలేదు. అప్పటి నుంచి మనిషి మారుతూ వచ్చాడు. జనాన్ని కాపాడడానికి తలుపులు మూయించాడు, తరువాత మూసిన తలుపులకు తాళాలు వేశాడు. ఆరో భాగం చివర ఊరికి పెద్ద గేటు పెట్టి, జనాన్ని లోపల ఉంచి, తాళంచెవి నదిలో పారేసి, ఒక్క మాట అన్నాడు. అంతటితో ఆ వారం కథ ఆగింది.

ఈ వరుసకు 'తిర్లమర్ల లోకం', అంటే తలకిందుల లోకం, అని తెలుగు పేరు పెట్టింది శుభాంగి. ఆ గదిలో పనిచేసే రెండో మనిషి ఆమె, మూడో మనిషి లేడు. తెలంగాణ హద్దున ఉన్న ఇస్లాపూర్ పిల్ల. బడి చదువు మరాఠీ, ఇంట్లో మాట తెలుగు, తెలుగు అక్షరాలు మాత్రం భైంసాలో మేనత్త ఇంట్లో ఒక వేసవిలో పట్టుబట్టి నేర్చుకుంది. జ్ఞానేశ్వర్ మరాఠీలో రాసిన మాటలను, రెండేళ్లుగా పాత భాగాలతో సహా, తెలుగు చేసి, బొమ్మల్లోని బుడగల్లో కూర్చడం ఆమె పని. వినడానికి తేలికే. కానీ బుడగలు మరాఠీ కొలతకు గీసి ఉంటాయి. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు, చోటు చాలదు. అందుకని శుభాంగి పొట్టి మాటలు వెతుక్కుంటుంది. పొట్టి మాటలు పుస్తకాల్లో తక్కువ, ఇస్లాపూర్‌లో ఎక్కువ.

"దాదా, మరాఠీల ఏమంటున్నరు?" అని అడిగింది.

"ఏడుస్తున్నరు," అన్నాడు జ్ఞానేశ్వర్ సంతోషంగా. నాయ్‌గావ్ రైతు బిడ్డ, నలభై దాటినా సంతోషాన్ని దాచుకోవడం చేతకాదు. "లాతూర్ నుంచి ఒకామె రాసింది, పొయ్యి మీద పాలు పొంగిపోయినయట, లేవలేకపోయిందట. పర్‌భణీ పోరడు ఒకడు, జాగల్యాను ఒక్కణ్ణి విడిచిపెట్టకుండ్రి, ఎవలన్న పోయి పక్కన కూసోండ్రి అంటున్నడు. తెలుగోళ్లు ఏమంటున్నరు? సదువు."

అతనికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ప్రతి గురువారం ఈ వేళకు శుభాంగి కామెంట్లు పైకి చదవాలి, అతను కుంచె కడుగుతూ వినాలి. అది వాళ్లిద్దరికీ టీ లాంటి అలవాటు.

శుభాంగి చదవలేదు. తెలుగులో ఎవరూ ఏడవడం లేదు.

"ఏమైంది?"

"ఆరేండ్లు మోసం జేసిండు అంటున్నరు దాదా."

"ఎవలు?"

"కావలోడే."

జ్ఞానేశ్వర్ కుంచె పట్టుకునే లేచి వచ్చాడు, చదవలేకపోయినా స్క్రీన్ వంక చూశాడు. శుభాంగి గొంతు తగ్గించి ఒక్కొక్కటే చదివింది. 'మాయ ఒడిసిందట. అంటే గిన్ని రోజులు మనకు చూపించింది మాయనే అన్నట్టు.' దాని కింద మూడు వందల మంది ఔనన్నారు. రెండో ఏట కావలోడు ఒక పాపను బావిలోంచి తీసి నవ్విన బొమ్మను ఒకడు పెద్దది చేసి, పెదవుల చుట్టూ ఎర్ర గీత గీసి, 'ఈ నవ్వు చూడుండ్రి, అప్పుడే తెలవాల్సింది మనకు' అని పెట్టాడు. పాపం, ఆ నవ్వు గీసిన రోజు జ్ఞానేశ్వర్‌కు పంటినొప్పి. ఇంకొకడు పాత భాగాలన్నీ తిరగేసి కావలోడు అబద్ధమాడిన చోట్లంటూ పదిహేడు లెక్క తేల్చాడు. శివరాజ్ అనే కుర్రాడు మాటలు పెద్దగా రాయలేదు. తన నల్ల ట్రంకుపెట్టె ఫోటో పెట్టాడు. మూత మీద కావలోడి స్టిక్కర్ ఉండిన చోట బ్లేడుతో గీకేసిన తెల్లటి మచ్చ. కింద 'ఇగ చాలు' అని ఉంది.

"నేను గట్ల గీయలేదే," అన్నాడు జ్ఞానేశ్వర్. "అతను అలిసిపోయిండు. మోసం ఏంది నడుమల?"

శుభాంగి చివరి బొమ్మ తెరిచింది. మరాఠీలో 'మాఝీ మాయా ఆటలీ', నా మాయ ఎండిపోయింది, అని ఉంది. తను రాసింది చూసుకుంది. 'గింతే. నా మాయ ఒడిసింది.' 'అయిపోయింది' బదులు పొట్టిగా 'ఒడిసింది' అనడంతో బుడగలో చక్కగా, మధ్యకు, ఏ గుడీ గీతకు తగలకుండా కూర్చుంది. మంచి వాక్యం అనుకుంది రాసిన రోజు. ఇప్పుడు దాన్ని వాళ్ల నోటితో చదివి చూసింది.

మరాఠీలో మాయ అంటే ఆపేక్ష. తల్లి బిడ్డ తల మీద చెయ్యి వేస్తే మాయ. ఇస్లాపూర్ తెలుగులోనూ అంతే, అక్కడ 'ఆమె మస్తు మాయ జేస్తది' అంటే చాలా ప్రేమగా చూసుకుంటుందని. అదే మాట సరిహద్దు దాటి నాలుగు ఊళ్లు పోతే, వినేవాడు జేబు తడుముకుంటాడు. శుభాంగికి రెండు అర్థాలూ తెలుసు. తెలిసి కూడా ఆ పూట రెండోది తలపుకు రాలేదు. కావలోడి బాధ రాస్తున్నప్పుడు ఆమెకు ఇంటి మాటే నోట్లో ఆడింది.

*

హైదరాబాద్ నుంచి మయూరి శుక్రవారం ఫోన్ చేసింది. యాప్‌లో తెలుగు కథలన్నీ చూసుకునేది ఆవిడే. మర్యాదస్తురాలు. రెండేళ్లుగా శుభాంగి పంపిన పేజీల్లో ఎర్ర గీతలు గీసి, మాటలు మార్చి వేసుకుంటుంది. ఎందుకు మార్చారని శుభాంగి అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

"శుభాంగి గారూ, మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. కానీ అది తెలుగు కాదండీ."

"మా ఊర్ల గట్లనే అంటరు మేడం."

"మీ ఊళ్లో అంటారేమో. చదివేవాళ్లు మీ ఊళ్లో లేరు కదా. పైగా ఈ భాగం చివరి బొమ్మ ఆలస్యమై, నా దాకా రాకుండానే నేరుగా యాప్‌లోకి పోయింది, వచ్చి ఉంటే అప్పుడే ఆపేదాన్ని." కాసేపు కాగితాల చప్పుడు. "సోమవారం మధ్యాహ్నం లోపు ఆ బుడగలో 'ప్రేమ' అని మార్చి పంపండి. కింద అనువాద దోషం జరిగిందని, చింతిస్తున్నామని మీ పేరుతో రెండు వాక్యాలు. వచ్చే నెల నుంచి తెలుగు ఇక్కడే రాయిద్దాం. అక్షరాలు కూర్చే పని మీదే, అది మీకంటే బాగా ఎవరూ చేయరు. మొదటి పేజీలో 'తెలుగు: శుభాంగి' అన్నది మాత్రం తీసేద్దాం. మీకేమైనా అభ్యంతరమా?"

అభ్యంతరం ఉంటే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు. శుభాంగి "సరే మేడం" అంది. ఆ మాట తన నోట్లోంచి అంత తొందరగా ఎందుకు వచ్చిందా అని ఫోన్ పెట్టేశాక చాలాసేపు తన మీద తనకే కోపం వచ్చింది.

"ప్రేమ అంటే ఏం తప్పు?" అన్నాడు జ్ఞానేశ్వర్.

"తప్పేం లేదు. సూడు." శుభాంగి బుడగలో మార్చి చూపించింది. 'గింతే. నా ప్రేమ ఒడిసింది.' గేటు ముందు, ఉరిమే మబ్బుల కింద, ఆరడుగుల మనిషి, కాలేజీ వెనక ఎవరో పిల్ల కాదని పంపేసిన కుర్రాడిలా కనిపించాడు. జ్ఞానేశ్వర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమెకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

శనివారమంతా అదే పని. 'మమకారం' బుడగలో పట్టలేదు, అక్షరాలు చిన్నవి చేస్తే కావలోడు గొణిగినట్టుంది. 'కరుణ' పెడితే దేవుడయ్యాడు. 'జాలి' పెడితే అంతకుముందు జనాన్ని చూసి జాలిపడేవాడన్నట్టు, పై మెట్టు మీద నిలబడిన మనిషి అయ్యాడు. కావలోడు అలాంటివాడు కాదు. వాడు జనం మీద మాయ చేసేవాడు, అంతే. శుభాంగికి వేరే మాట దొరకలేదు.

దొరకకపోవడం కంటే పెద్ద బాధ వేరే మొదలైంది. రెండేళ్లుగా రాసినవన్నీ తెరిచి చదువుకుంది. ఈ మాట తెలుగేనా? ఇది మరాఠీ నుంచి వచ్చిందా? ఇది అవ్వ మాటా, అందరి మాటా? తల్లిని ఆమె అవ్వ అనే పిలుస్తుంది, ఆ పిలుపు దగ్గర కూడా అనుమానం వచ్చింది. చిన్నప్పటి నుంచి కూలికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, చేలగట్ల మీద విన్న భాష మొత్తం ఎవరో తూకం వేసి తక్కువ వచ్చిందని పక్కన పెట్టినట్టు సిగ్గుపడింది. సాయంత్రం కూర్చుని రెండు వాక్యాలు రాసి పెట్టుకుంది. 'ఆరో భాగం చివర మాట తప్పు పడింది. అది నా తప్పు, క్షమించండి.' పంపలేదు. సోమవారం దాకా గడువుంది కదా అని ఫోన్‌లో ఉంచింది.

*

ఆదివారం పదకొండున్నరకు మెట్ల మీద బూట్ల చప్పుడయింది.

వచ్చినవాడికి ఇరవై రెండేళ్లుంటాయి. నెత్తి మీద జుట్టు వేలికి దొరకనంత కురచ. ఇస్త్రీ చొక్కా, నడుము నిటారు. తలుపు దగ్గరే నిలబడి, "కావలోడు ఆఫీస్ గిదేనా?" అన్నాడు.

"ఔను. ఎవలు కావాలె?"

"నా పేరు శివరాజ్. ముద్ఖేడ్ క్యాంపుల ట్రైనింగ్ జేస్తున్న. మాది జగిత్యాల దిక్కు." చొక్కా సర్దుకున్నాడు. "ట్రంకుపెట్టె ఫోటో పెట్టింది నేనే."

జ్ఞానేశ్వర్ గీస్తున్న చెయ్యి ఆపాడు కానీ వెనక్కి తిరగలేదు. శుభాంగి స్టూలు జరిపింది. శివరాజ్ కూర్చోలేదు. నాలుగింటి బండికి తిరిగి పోవాలని, ఔట్‌పాస్ అంతవరకేనని చెప్పాడు. అడ్రస్ చివరి పేజీలో చూసి వచ్చాడట.

"కొట్లాటకు రాలే అక్కా," అన్నాడు. "ఒక్కటి అడిగి పోత. మొదటిసంది అతను మోసగాడేనా? మీరు మొదటిసంది గట్లనే అనుకొని రాసిండ్రా? లేకుంటే ఇప్పుడు మార్చిండ్రా?"

"నీకెందుకు గంత బాధ?" అంది శుభాంగి. అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది.

శివరాజ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. క్యాంపులో నేర్పిన నిలబడడం అది. "మాకు సెంట్రీ డ్యూటీ ఉంటది. ఒక్కణ్ణే నిలవడాలె. మొదటిసారి నిలవడ్డప్పుడు బుగులైంది, కాళ్లు ఒణికినయి. కావలోడు గూడ ఒక్కడే గదా తిరుగుతడు అనుకున్న. గదే అనుకుంట నిలవడ్డ. గాయనే దొంగోడైతే..." మిగతాది చెప్పలేదు. చెప్పకపోయినా గదిలో ఉన్న ఇద్దరికీ తెలిసింది. శుభాంగి పోగొట్టుకోబోయేది మొదటి పేజీలో ఒక పేరు మాత్రమే, ఈ పిల్లవాడు అంతకంటే పెద్దది పోగొట్టుకుని వచ్చాడు.

"తమ్మీ, మాయ అంటే మోసం కాదు," అంది మెల్లగా. "మా దిక్కు మాయ అంటే ప్రేమ. అమ్మకు బిడ్డ మీద ఉంటది సూడు, గది. అతని పాణంల గది ఒడిసిపోయింది, ఎండిపోయింది. గదే అన్నడు."

శివరాజ్ ఆమె ముఖం వంక చూశాడు. "తప్పు పడితే పడ్డది అను అక్కా. కప్పిపుచ్చకు. మాయ అంటే మాయనే."

అది తప్పే అనిపించుకోవడం రెండు రోజుల్లో రెండోసారి. శుభాంగి వాదించలేదు. ఫోన్ తీసి తల్లికి కలిపి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచింది. మాయ అంటే ఏందో చెప్పవ్వా అని అడుగుదామనుకుంది. ఇస్లాపూర్‌లో చంద్రభాగ సోయా చేనులో కలుపు తీయడానికి పోయి, గట్టు మీద సద్ది విప్పుకునే వేళ అది. ఫోన్ ఎత్తిందో లేదో, అడిగే సందు ఇవ్వలేదు.

"యాదికొచ్చిందా అవ్వ? పోయిన ఆదివారం అస్త అంటివి, రాకపోతివి. మొన్న కాక బిడ్డకు లగ్గం ఖాయమై సాకర్‌పుడ జేసిన్నాడు అందరచ్చిండ్రు, నువ్వే లెవ్వు. నాందేడ్ల కూసున్నంక మా మీద మాయ ఒడిసిందానే నీకు?"

శివరాజ్ ఫోన్ వంక తిరిగాడు. కింద దుకాణంలో ఫ్లెక్సీ యంత్రం గరగరమంటోంది. శుభాంగి "పని ఉండెనే అవ్వా," అంది.

"పని ఎవలకు లేదు? నాకు లేదా?" రొట్టె నములుతున్న చప్పుడు. "గొంతేంది గట్లున్నది? ఏడ్చినవా?"

"లే. ఇక్కడ ఒక తమ్ముడు అచ్చిండు, జగిత్యాల దిక్కు పిల్లగాడు. ముద్ఖేడ్ల సిపాయి ట్రైనింగ్."

"సిపాయా? నీ తాన నిలవెట్టి మాట్లాడుతున్నవా? ఫోను గా పిల్లగానికియ్యి."

శివరాజ్ ఫోన్ దగ్గరకు వంగాడు. "నమస్తే అమ్మా."

"ఏం పేరు కొడుకా? తిన్నవా? క్యాంపుల కడుపునిండ పెడుతున్నరా, ఉరికిస్తనే ఉన్నరా?"

"పెడుతున్నరమ్మా."

"అబద్ధం ఆడకు. మా అన్న కొడుకు గూడ పోయిండు, సగం అయి అచ్చిండు. మీ అవ్వకు రోజు ఫోన్ జేస్తున్నవా?"

"ఆదివారం జేస్త."

"ఇయ్యాల జేసినవా?"

శివరాజ్ చెవులు ఎర్రబడ్డాయి.

"జెయ్యి. ఇప్పుడే జెయ్యి. ఆమె ఫోను పట్టుకొనే కూసుంటది. శుభాంగీ, గా పిల్లగానికి ఏమన్న తినవెట్టి తోలు. వాన పట్టేటట్టున్నది, గొడుగు గిట్ల ఉంటే ఇయ్యి. ఇగ పెడుత, కూలోళ్ల ముకద్దం మొత్తుకుంటున్నడు."

ఫోన్ ఆగిపోయింది. శుభాంగి తలెత్తలేదు. తన ఇంటి గొంతు, ముకద్దం అరుపులతో సహా, ఎవరో తెలియని మనిషి ముందు పరిచినట్టయింది. కానీ సిగ్గు రాలేదు. నిన్నటి నుంచి వెంటబడిన సిగ్గు ఎక్కడ పోయిందో పోయింది.

శివరాజ్ తన ఫోన్ తీసి ఆరో భాగం చివరి బొమ్మ తెరిచాడు. పెదవులు కదిలాయి, ఆ నాలుగు మాటలూ లోపల చదువుకుంటున్నాడు.

"గిదా మాయ అంటే," అన్నాడు.

"గిదే."

"అయితే అతను మోసం జేయలే. అలిసిపోయిండు." స్టూలు లాక్కుని, ఎట్టకేలకు కూర్చున్నాడు. "గట్లయితే మల్ల ఊరుతది గదా అక్కా? మోసమైతే బయటవడితే అయిపాయె. గిది ఎండినా మల్ల ఊరుతది. అతను మల్ల మంచిగైతడా?"

"నన్నడుగు," అన్నాడు జ్ఞానేశ్వర్. ఇప్పుడు కుర్చీతో సహా ఇటు తిరిగాడు. ముఖం మీద నల్ల సిరా మరక. "నాకే తెలుస్తలే. ఏడో భాగం నాలుగు రోజులసంది గీస్తున్న, చింపేస్తున్న. గేటు ముంగట నిలవెట్టినగని, అక్కడినుంచి అతన్ని కదిలించుడు నాకైతలే."

శివరాజ్‌కు కింద హోటల్ నుంచి పోహా తెప్పించారు. అతను బాల్కనీలోకి పోయి వాళ్లమ్మకు ఫోన్ చేసి, పావుగంట మాట్లాడి, మూడు గంటలకు స్టేషన్‌కు నడిచి వెళ్లిపోయాడు. గొడుగు వద్దన్నాడు, యూనిఫారం కాకపోయినా సిపాయి గొడుగు పట్టుకోకూడదట.

*

అతను పోయాక శుభాంగి కంప్యూటర్ ముందు కూర్చోలేదు. కాగితం తీసి ఒక నలుచదరం గీసింది. బొమ్మలు వేయడం ఆమెకు రాదు. గీతలతో గేటు, గేటు కింద జానెడు సందు, ఆ సందులోంచి బయటికి వచ్చిన ఒక చెయ్యి, చేతిలో రొట్టె. పక్కన బుడగ. బుడగలో రాసి, జ్ఞానేశ్వర్ ముందు పెట్టింది.

"ఎవలది చెయ్యి?" అన్నాడు.

"లోపల తాళం పడ్డ ముసలామెది. అతను మూడు రోజులసంది ఏం తినలే గదా, గేటు కాడనే నిలవడ్డడు. ఆమె సూసింది."

"ఏం రాసినవ్? సదువు."

"నీ మీద నాకు మాయ ఒడువలే కొడుకా. తిను."

జ్ఞానేశ్వర్ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. తరువాత కొత్త షీటు బల్ల మీద అతికించాడు. పెన్సిలుతో గేటు వేశాడు. చెయ్యి మూడుసార్లు చెరిపాడు. "గిట్ల కాదు, ముసలోళ్ల పిడికిలి గిట్ల ఉండది," అని శుభాంగి తన చెయ్యి చాపి చూపించింది, కలుపు తీసి తీసి చూపుడు వేలు ఒక పక్కకు ఒంగిపోవాలని చెప్పింది. నాలుగోసారికి చెయ్యి కుదిరింది. అప్పుడతను మరాఠీ బుడగ కోసం పెన్ను పట్టుకుని ఆగాడు.

"మల్ల సదువు. నీ మీద నాకు..."

"మాయ ఒడువలే."

"మాఝీ మాయా ఆటలీ నాహీ," అని రాశాడు. "కొడుకాకు ఏం పెట్టాలె? లేకరా?"

"లేకరా మంచిగుంటది."

రెండేళ్లలో మొదటిసారి తెలుగు ముందు పుట్టి మరాఠీ దాని వెనక నడిచింది. బుడగను కూడా ఆ సాయంత్రం తెలుగు కొలతకే గీశాడు, ఒత్తులకు చోటు వదిలి. మరాఠీ మాటలు అందులో కాస్త వదులుగా ఉన్నాయి. ఉండనీ అన్నాడు.

సోమవారం పదకొండింటికి శుభాంగి మయూరికి ఫోన్ చేసింది. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుంది, తీరా చూస్తే చదవలేదు.

"మేడం, మాట మారుస్తలేను. తప్పు అని గూడ రాయను."

"శుభాంగి గారూ, మనం అనుకున్నాం కదా."

"నేను సరే అన్న. అన్నది నిజమే. అప్పుడు భయపడ్డ. ఏడో భాగం మొదటి పేజీ పంపుతున్న, సూడుండ్రి. గురువారం దాకా ఆగుండ్రి. గది సదివినంక గూడ వాళ్లకు మాయ అంటే మోసమే అనిపిస్తే, తప్పని నా చేతితోని రాస్త. నా పేరు మీరే తీసేయుండ్రి. నేను మల్ల అడుగ."

"మీకు అర్థమవుతోందా? గురువారం కూడా తేడా కొడితే ఈ కథనే మా యాప్‌లోంచి తీసేయమంటారు పైవాళ్లు."

"అర్థమైతుంది." చేతిలోని కాగితం పక్కకు పెట్టింది. "మీరు మా మాటలు రెండేండ్లసంది మారుస్తున్నరు మేడం, నేను ఎన్నడు అడుగలే. గిది ఒక్కటి అడుగుతున్న. మా అవ్వ గిదే మాట అంటది, ఆమె ఒట్టి మాట మాట్లాడది."

మయూరి ఆలోచిస్తానంది. ఆ రోజు మళ్లీ ఫోన్ రాలేదు. క్షమాపణ పంపమని అడిగే సందేశమూ రాలేదు. శుభాంగి ఫోన్‌లో దాచిన రెండు వాక్యాలను చెరిపేసింది. మంగళవారం, బుధవారం మిగతా పేజీలు, వాటి వెనకే ఎనిమిదో భాగం మొదటి పేజీలు కూర్చుకుంటూ గడిపింది. భయం ఉంది, కాదనడం దేనికి? కానీ శనివారం నాటి భయం కాదు. అప్పుడు తను తప్పేమో అని భయం. ఇప్పుడు వాళ్లకు వినబడుతుందో లేదో అని భయం.

*

గురువారం పది గంటలకు ఏడో భాగం మాట మారకుండానే వచ్చింది. పది దాటి అయిదు నిమిషాల దాకా ఇద్దరూ ఫోన్లు ముట్టుకోలేదు. జ్ఞానేశ్వర్ కడిగిన కుంచెనే మళ్లీ కడిగాడు.

"సదువు," అన్నాడు చివరకు.

మొదటిది తిట్టే. 'మెత్తబడ్డరు. మోసం ముచ్చటనే బాగుండె.' రెండోది ఇంకా ఘోరం, రొట్టెలో విషం ఉందని ఒకడి వాదన. పదిహేడు అబద్ధాలు లెక్కపెట్టినవాడు ఇప్పుడు పద్దెనిమిదోది పట్టుకున్నాడు, వాడి పని వాడు చేసుకుంటున్నాడు. శుభాంగి వేలు ఆగుతూ ఆగుతూ కిందికి పోయింది. సిరిసిల్ల నుంచి ఒకామె రాసింది: 'ఆగుండ్రి. మాయ ఒడువలే కొడుకా, తిను అంటుంది. మోసం ఒడువలే అని ఎవలన్న అంటరా? మాయ అంటే వేరే ఏందో ఉన్నది.' దాని కింద పెద్ద పంచాయితీ. నిఘంటువు పేజీ ఫోటో పెట్టినవాళ్లు, అది తప్పన్నవాళ్లు, బిడ్డతో పాటు కడుపులో ఉండేదాన్ని కూడా మాయ అనే కదా అంటారని ఒక నర్సు. శివరాజ్ ఒక్క ముక్క రాశాడు: 'పోయి అడిగి అచ్చిన. ప్రేమ అని అర్థం. నేను పూచీ.' ఆ పూచీకి ఎవరూ విలువ ఇవ్వలేదు, పంచాయితీ సాగింది.

సాగి సాగి, మధ్యాహ్నానికి ఒకచోట ఆగింది. 'కాశీబాయి మనుమరాలు' అని పేరు పెట్టుకున్న ఎవరో బోధన్ దగ్గరి పల్లె నుంచి రాశారు. శుభాంగి పైకి చదవడం మొదలుపెట్టింది.

'మా నాయనమ్మ మహారాష్ట్ర పిల్ల. దీని మీద నాకు మస్తు మాయ అని ఆమె నా దోస్తులకు చెప్తే వాళ్లు నవ్వెటోళ్లు. నేను గూడ నవ్విన. తప్పు మాట్లాడుతున్నవ్ నానమ్మా, ప్రేమ అనాలె అని దిద్దిన. ఆమె మానేసింది. నా ముంగట మల్ల ఎన్నడు ఆ మాట అనలే. ఆమె పోయి రెండేండ్లాయె. తప్పు కాదని ఇయ్యాల తెలిసింది.'

చివరి వాక్యం చదివి శుభాంగి ఫోన్ బల్ల మీద పెట్టింది. జ్ఞానేశ్వర్ ఇంకా చదవమనలేదు. ఆ కామెంట్ కింద ఎవరూ వాదించలేదు. ఒకరి తరువాత ఒకరు తమ ఇళ్లలో దిద్దిన మాటలు రాస్తూ పోయారు. సాయంత్రానికి జనం కావలోడు రొట్టె తీసుకుంటాడా లేదా అని పందేలు కాసుకుంటున్నారు. వాడి మాయ ఊరుతుందని కొందరు, ఊరదని కొందరు. ఆ మాటతోనే పోట్లాడుకుంటున్నారు.

మయూరి నుంచి ఆరు గంటలకు సందేశం వచ్చింది. శుభాంగి వెంటనే తెరవలేదు. నీళ్లు తాగి వచ్చి తెరిచింది. క్షమాపణ గురించి లేదు, పేరు గురించి లేదు. ఎనిమిదో భాగం కోసం బుధవారం పంపిన పేజీలు వెనక్కి వచ్చాయి, అంతే. మొదటి పేజీలో 'తెలుగు: శుభాంగి' ఉన్నచోటే ఉంది. తరువాత పేజీలు తిప్పింది. ఎప్పుడూ ఎర్ర గీతలతో నిండి ఉండే పేజీల మీద ఒకే ఒక్క మాట చుట్టూ గీత ఉంది, ఆ మాట కొట్టేసి లేదు. పక్కన మయూరి చేతిరాత:

'ఈ మాట నాకు తెలియదు శుభాంగి గారూ. అంటే ఏమిటో చెప్తారా? మార్చాలా, ఉంచాలా?'

శుభాంగి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆ మాటను ఇస్లాపూర్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ పని చేస్తూ అంటారో వివరంగా రాయడం మొదలుపెట్టింది. పేజీ నిండింది. చివర ఒక్క మాట కలిపింది.

'ఉంచండి.'